చేతిరాత చూసి మనిషిని చెప్పడం: ఏ పద్ధతి దేనికి పనికొస్తుంది

పెళ్ళి మాటలు నడుస్తుండగా అబ్బాయి రాసిన కాగితం ఒకటి తెప్పించుకునేవాళ్ళున్నారు. పలాసలో జీడిపప్పు బట్టీకి లెక్కల గుమస్తాను పెట్టుకునే ముందు దరఖాస్తులో రాత ఎవరికైనా చూపిద్దామనుకునేవాళ్ళున్నారు. కుర్రాడి రాత కోళ్ళు కెలికినట్టుందని బెంగపడేవాళ్ళు, వీలునామా మీద సంతకం తాతది కాదేమోనని అనుమానపడేవాళ్ళు సరేసరి. అందరూ వెతికేది ‘చేతిరాత నిపుణుణ్ణే’. కానీ ఈ పనులు ఒకదానికొకటి సంబంధం లేనివి. ఒక పనికి వాడే పద్ధతి ఇంకో పనిలో ఉత్త దండగ, ఒక్కోసారి ప్రమాదం కూడా.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. రాత నుంచి స్వభావం చెప్పే పద్ధతుల్లో కొన్ని మొరటువి, కొన్ని నాజూకైనవి. అయితే పెళ్ళి, ఉద్యోగం లాంటి నిర్ణయాన్ని మోసే బలం వాటిలో దేనికీ లేదు. సరదాకి, పరిశీలన అలవడడానికి అయితే మంచివే. ఆ హద్దులో ఉండి ఏది ఎంచుకోవాలో చూద్దాం.

స్వభావం చెప్పే పద్ధతులు

రాతకీ గుణానికీ లంకె పెట్టిన తొలి పుస్తకాల్లో ఒకటి 1622 నాటిది. ఇటలీలోని బొలోన్యా పండితుడు కమిల్లో బాల్డి రాశాడు. దాన్ని ఒక శాస్త్రంలా కట్టి, గ్రాఫాలజీ అన్న పేరు వాడుకలోకి తెచ్చినవాడు ఫ్రాన్సులో మతాచార్యుడు జాన్ ఇప్పొలీత్ మిషోఁ. 1875లో ఆయన వేసిన పుస్తకంతో చిహ్నాల పద్ధతి స్థిరపడింది. ఒక్కో గుర్తుకి ఒక్కో గుణం: ఇంగ్లీషు టీ అక్షరం మీద అడ్డగీత ఎత్తులో ఉంటే ఆశయం, ఐ మీద చుక్క దూరంగా పడితే అజాగ్రత్త, ఇలా. నేర్చుకోవడం తేలిక. ఫోన్ యాప్‌లూ రెండు రోజుల క్లాసులూ ఎక్కువగా అమ్మేది ఈ రకం పట్టికలనే. అన్నిటికన్నా బలహీనమైనదీ ఇదే. ఒకే గుర్తు తొందరవల్ల రావొచ్చు, పెన్ను వల్ల రావొచ్చు, బళ్ళో మేష్టారు నేర్పిన తీరువల్ల రావొచ్చు.

ఆ లోపాన్ని మిషోఁ తర్వాతి తరం ఫ్రెంచివాడు క్రెపియూ జామెఁ పట్టుకున్నాడు. ఏ గుర్తుకీ విడిగా స్థిరమైన అర్థం ఉండదనీ, వేగం, ఒత్తిడి, పరిమాణం, ఆకారం, వాలు, కలుపు (అక్షరానికీ అక్షరానికీ మధ్య గీత కలిసే తీరు), వరస అన్నీ కలిపి చూడాలనీ అన్నాడు. ఫ్రెంచి పద్ధతిలోనే సాగాలనుకుంటే ఇక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.

జర్మనీవాళ్ళ దారి వేరు. 1895లో విల్హెల్మ్ ప్రెయర్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త, అలవాటు పడితే కాలితోనో నోటితోనో పెన్ను పట్టి రాసినా రాతలో ఆ మనిషి పోలిక నిలుస్తుందని చూపించి, రాసేది చెయ్యి కాదు మెదడు అన్నాడు. ఈ మాట ఇప్పటికీ నిలబడేదే. కాకపోతే రాత మెదడు పని అయినంత మాత్రాన గుణం అందులో చదవగలిగేలా ఉంటుందని రుజువవదు. ఈ రెంటి మధ్య ఉన్న గండిని చాలామంది చూడకుండా దాటేస్తారు. తర్వాత లుడ్విగ్ క్లాగెస్ మొత్తం పేజీ లయ మీద దృష్టి పెట్టాడు. విడి అక్షరాలకన్నా ముందు రాత ఎంత జీవంతో ఉందో అంచనా కట్టి, ఆ అంచనాని బట్టి ఒకే గుర్తుకి మంచి అర్థమో చెడ్డ అర్థమో చెప్పాలన్నాడు. వినడానికి బాగుంటుంది గానీ ఇద్దరు పరిశీలకులు ఒకే పేజీకి ఒకే అంచనా కట్టడం కష్టం. కొలబద్ద లేదు, చూసేవాడి రుచే ప్రమాణం.

స్విట్జర్లాండు వాడైన మాక్స్ పుల్వర్ కాగితాన్ని దిక్కులుగా విడగొట్టాడు. పైభాగం ఆలోచనలు, నడుమ రోజువారీ బతుకు, కింది భాగం దేహమూ కోరికలూ. ఎడమవైపు గతం, కుడివైపు భవిష్యత్తు. చివరగా అమెరికా పద్ధతి. 1929లో మిల్టన్ బంకర్ మొదలుపెట్టింది. అక్షరాన్ని వదిలేసి గీతను పట్టుకుంటుంది. గీత వాలును కోణమానినితో కొలుస్తుంది, కుడికి ఎంత వాలితే మనసు అంత బయటపడుతుందంటుంది. కొలతలు ఉండడం వల్ల ఇద్దరు చూసినా లెక్క దాదాపు ఒకటే వస్తుంది. కొలత నిలకడగా రావడం ఒకటి, ఆ కొలతకి చెప్పే అర్థం నిజం కావడం ఇంకొకటి. మొదటిది ఉంది, రెండోదానికి ఆధారం లేదు.

తెలుగు రాతకి వచ్చేసరికి

ఈ పద్ధతులన్నీ లాటిన్ లిపి మీద పుట్టినవి. తెలుగులో టీ మీద అడ్డగీత లేదు, ఐ మీద చుక్క లేదు, ఇంగ్లీషులోలా పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అన్న తేడా లేదు. అక్షరాలు విడివిడిగా, గుండ్రంగా ఉంటాయి. కలుపును బట్టి చెప్పే గుణాలన్నీ అక్కడికక్కడే చెల్లవు. పాత కరణాల గొలుసుకట్టు రాతలో కలుపు ఉండేది గానీ, 1984లో కరణీకం రద్దయ్యాక ఆ రాత కొత్తగా నేర్చుకునేవాళ్ళు లేరు.

పుల్వర్ చెప్పిన మూడు అంతస్తులు తెలుగులో ఎలా తారుమారవుతాయో ఊరి పేర్లతోనే చూడండి. ‘విజయనగరం’ అని రాయండి. గీత కిందికి దిగే ఒత్తు ఒక్కటీ లేదు. ‘నెల్లిమర్ల’ అని రాయండి. లావత్తులు రెండు కిందికి వేలాడతాయి. ‘శ్రీకాకుళం’లో మొదటి అక్షరమే పైకి గుడిదీర్ఘం, కిందికి రావత్తు. ఆ పట్టిక ప్రకారం పోతే విజయనగరం చిరునామా రాసినవాడికి కోరికల్లేవు, అక్కడికి కూతవేటు దూరంలో నెల్లిమర్ల చిరునామా రాసినవాడికి నిండా కోరికలే! కింది భాగం ఎంత నిండిందన్నది మాటలో ఉన్న ఒత్తుల్ని బట్టి తేలుతుంది, మనిషిని బట్టి కాదు. తెలుగు రాతకి ఈ పద్ధతి వాడతామనేవాళ్ళు ఒకే వాక్యాన్ని అందరిచేతా రాయించి పోల్చకపోతే ఆ లెక్కకి అర్థమే లేదు.

వాలు కూడా అంతే. మన పిల్లలు పలక ఒళ్ళో పెట్టుకుని, ఆ తర్వాత ఇరుకు బెంచీల మీద నోటుబుక్కు వాలుగా పెట్టుకుని రాస్తారు. కాగితం ఎడమకి తిరిగితే అక్షరం కుడికి వాలుతుంది. రాసిన భంగిమ తెలియకుండా వాలు కొలవడం వృథా. ఇచ్ఛాపురం వైపు ఒడియా బళ్ళో అక్షరాలు దిద్ది తర్వాత తెలుగులోకి వచ్చినవాళ్ళుంటారు. ఒడియా అక్షరాలకి నెత్తిన పెద్ద వంపు ఉంటుంది, ఆ చెయ్యి తలకట్టునీ గుడినీ వెడల్పుగా గియ్యొచ్చు. దాన్ని ఉదార స్వభావం అని చదివితే బడిని చూసి మనిషి అనుకున్నట్టే.

అందుకని సరదాగా నేర్చుకోదలిస్తే మా సలహా ఇది: చిహ్నాల పట్టికలు వదిలెయ్యండి. క్రెపియూ జామెఁ తరహాలో వేగం, ఒత్తిడి, పరిమాణం, ఎడం, నిలకడ అనే అయిదింటిని మాత్రమే గమనించండి. వాటిని గుణాలుగా కాకుండా, ఆ రోజు ఆ చెయ్యి ఎలా కదిలిందన్న వివరంగా రాసుకోండి. ‘మధ్య అక్షరాలు 3 మిల్లీమీటర్లు, పేజీ చివర 2కి తగ్గాయి, వరస కుడివైపు 5 మిల్లీమీటర్లు పైకెక్కింది’ అన్నది పరిశీలన. ‘ఆశావాది’ అన్నది ఊహ.

నమూనా తీసుకునే తీరు

ఏ పద్ధతి ఎంచుకున్నా నమూనా చెడితే అంతా చెడుతుంది. గీతల్లేని ఎ4 తెల్ల కాగితం తీసుకోండి. గీతల నోటుబుక్కులో వరస ఎక్కిందా దిగిందా తెలియదు. కాగితం కింద మరో అయిదారు కాగితాలు పరచండి. గట్టి బల్ల మీద ఒంటి కాగితం పెడితే ఒత్తిడి ముద్ర పడదు. మామూలు బాల్‌పెన్ను ఇవ్వండి. జెల్‌పెన్నులో ఇంకు ఒత్తకుండానే పారుతుంది కాబట్టి ఒత్తిడి కనబడదు. ఒక పేజీ నిండా, కనీసం మూడు వేర్వేరు రోజుల్లో రాయించండి. ఒక్క రోజు రాతలో నిద్రలేమి, తొందర, జ్వరం అన్నీ కలిసిపోతాయి. వెనకాల పెన్సిల్‌తో వయసు, ఏ చెయ్యి, మొదట ఏ లిపి నేర్చారు, కళ్ళద్దాలు, చేతికి దెబ్బలు, వాడే మందులు రాసిపెట్టుకోండి.

ఒత్తిడి చూడాలంటే కాగితం తిప్పి వేలికొసలతో తడమండి. గది చీకటి చేసి, టార్చి కాగితానికి పక్కనుంచి దాదాపు ఆనించి వేస్తే గాళ్ళు నీడలు పడి స్పష్టంగా కనిపిస్తాయి. వాట్సాప్‌లో ఫోటో పంపితే ఒత్తిడి, అసలు పరిమాణం రెండూ పోతాయి. ఫోటో చూసి ‘బలమైన ఒత్తిడి, దృఢ సంకల్పం’ అని చెప్పినవాడి మాట అక్కడితో వదిలెయ్యొచ్చు.

ఏం రాయించాలన్న దగ్గర అసలు తిరకాసుంది. గ్రాఫాలజిస్టులు సొంత మాటల్లో రాయమంటారు. చూసి రాస్తే చెయ్యి బిగుసుకుంటుందన్నది వాళ్ళ కారణం, అది నిజమే. కానీ సొంత మాటల్లో ‘మాది సోంపేట దగ్గర, నాన్న చనిపోయాక చెల్లి పెళ్ళి నేనే చేశాను’ అని రాస్తే, మనిషి బాధ్యత తెలిసినవాడని చెప్పడానికి అక్షరాల వాలు చూడాలా? నేటర్, బెన్ షఖార్ అనే ఇజ్రాయెల్ పరిశోధకులు 1989లో రాత చూసి చెప్పిన అంచనాల్ని పరీక్షించిన 17 పరిశోధన పత్రాల్ని కలిపి లెక్కకట్టారు. గ్రాఫాలజీ రానివాళ్ళు కూడా అదే కాగితాలు చదివి గ్రాఫాలజిస్టులకి తీసిపోకుండా చెప్పారు. రాసిన విషయంలో మనిషి గురించి ఏమీ లేని కాగితాలిస్తే ఇద్దరి జోస్యమూ దాదాపు సున్నాకి దిగింది. కాబట్టి మధ్యేమార్గం: అయిదో తరగతి సైన్సు పాఠంలోంచి పది వాక్యాలు చదివి వినిపిస్తూ రాయించండి. చూసి రాసే బిగుసుకుపోవడం ఉండదు, సొంత కథ బయటపడడమూ ఉండదు.

చెప్పేవాణ్ణి పరీక్షించడం

‘అచ్చం నా గురించే చెప్పాడండీ’ అనడం పరీక్ష కాదు. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అమెరికా మనస్తత్వవేత్త తన 39 మంది విద్యార్థులకి ‘మీ స్వభావ వివరణ’ అంటూ అందరికీ ఒకే కాగితం పంచాడు. అందులో చాలా వాక్యాలు జ్యోతిషం పుస్తకంలోంచి తీసినవి. ఎంత సరిపోయిందో అయిదుకి మార్కులెయ్యమంటే సగటున 4.26 వేశారు. ‘పైకి ధీమాగా ఉన్నా లోపల అప్పుడప్పుడు బెంగ పడతారు’ అంటే కాదనేదెవరు?

నిజమైన పరీక్ష ఇంట్లోనే పెట్టొచ్చు. బాగా తెలిసిన అయిదుగురిచేత ఒకే పాఠం చెప్పి రాయించండి. పేర్ల బదులు అంకెలు వెయ్యండి. నిపుణుడు అయిదు కాగితాలకీ విడివిడి వివరణ రాసిచ్చాక, ఎవరి కాగితం ఏదో తెలియని బంధువొకరికి వివరణలు మాత్రమే ఇచ్చి ఏది ఎవరిదో జతచెయ్యమనండి. కళ్ళు మూసుకుని జతచేసినా సగటున ఒకటి కలుస్తుంది. ఉండే 120 అమరికల్లో 76 అమరికలకి కనీసం ఒకటి కలుస్తుంది, అంటే ఒకటి కలవడం గొప్ప కాదు. మూడు కలిసే అమరికలు 10, అయిదూ కలిసేది 1. మూడు లేదా అంతకన్నా ఎక్కువ కలిస్తే మళ్ళీ కొత్త అయిదుగురితో చెయ్యండి. రెండోసారీ అంతే కలిస్తే అప్పుడు ఆలోచించాలి. పరీక్షకి ఒప్పుకోనివాళ్ళకి డబ్బు కట్టకండి.

గొప్పవాళ్ళ రాతలు చూపించి చెప్పేదాన్ని కూడా లెక్కలోకి తీసుకోవద్దు. ఇది గురజాడ అప్పారావుగారి రాత అని ముందే తెలిశాక అందులో సంస్కర్త గుణాలు చూపించడానికి విద్య అక్కర్లేదు.

పెళ్ళికీ ఉద్యోగానికీ

ఇక్కడ ఎంపిక సలహా చిన్నదే: రాత చూడకండి. గుమస్తా కావాలంటే ఒక రోజు బిల్లులు ఓ ముప్ఫై ఇచ్చి చిట్టాలో ఎక్కించి కూడమనండి. అంకెల్లో తప్పులెన్ని, ఎంతసేపు పట్టింది, కూడిక తేలనప్పుడు ఏం చేశాడు అన్నవి చెప్పినంత ఏ గీతా చెప్పదు. అంకెలు చదవగలిగేలా ఉన్నాయా అన్నది మాత్రం చూడాల్సిందే, 1కీ 7కీ తేడా తెలియని రాత లెక్కల్లో నష్టమే. సంబంధం విషయంలోనైతే అబ్బాయితోనో అమ్మాయితోనో, వాళ్ళతో కలిసి పనిచేసినవాళ్ళతోనో మాట్లాడుకోండి. రాసినవాళ్ళకి తెలియకుండా వాళ్ళ కాగితం ఎవరికో పంపడం మర్యాద కూడా కాదు.

సంతకం మీద అనుమానం ఉంటే

ఇది స్వభావం చదవడం కాదు, రాసిందెవరో తేల్చడం. గ్రాఫాలజిస్టు దీనికి పనికిరాడు, దస్తావేజుల పరిశీలకుడు కావాలి. భారతీయ సాక్ష్య అధినియం 39వ సెక్షను కింద ఇలాంటి నిపుణుల అభిప్రాయాన్ని కోర్టు చూస్తుంది. ఆ రాతతో పరిచయం ఉన్నవాళ్ళ మాట 41వ సెక్షను కిందికి వస్తుంది. 72వ సెక్షను కింద కోర్టే పోల్చి చూడొచ్చు, ఎదురుగా రాయమని అడగొచ్చు. 1980లో మురారి లాల్ కేసులో సుప్రీంకోర్టు, నిపుణుడి మాటకి వేరే సాక్ష్యం తోడు ఉండితీరాలన్న నియమం లేదంటూనే జాగ్రత్తగా తూచాలని చెప్పింది.

పరిశీలకుడు చూసేది అందచందాలు కాదు. తలకట్టు ముందు పెట్టి అక్షరం గీశారా, అక్షరం అయ్యాక పెట్టారా. ప, స, హల మీద తలకట్టు విడిగా ఉందా, తొందరలో అంటుకుందా. సున్న ఎటువైపు నుంచి చుట్టారు. గుడి మూసుకుందా తెరిచి ఉందా. ఒత్తు కిందికి దిగిందా పక్కకి జరిగిందా. పెన్ను ఎక్కడెక్కడ లేచింది. దొంగ సంతకంలో గీత నెమ్మదిగా బొమ్మ గీసినట్టు సాగుతుంది. మధ్యలో అనవసరంగా ఆగుతుంది, వణుకుతుంది, చివర సన్నబడకుండా మొద్దుగా ఆగిపోతుంది, దిద్దిన చోట రెండు గీతలు పడతాయి. ముసలివాళ్ళ నిజమైన సంతకంలోనూ వణుకుంటుంది గానీ అది సంతకమంతా పరుచుకుని ఉంటుంది, ఆకారం చెడినా వెనక్కొచ్చి దిద్దడం అరుదు. ఇంకో మాట: ఒకే మనిషి రెండు సంతకాలు అణువణువూ కలవవు. ఒకదాని మీద ఒకటి పెడితే అచ్చుగుద్దినట్టు కలిశాయంటే ఒకటి ట్రేసింగే.

మీరు చెయ్యాల్సిందల్లా ఒప్పుకున్న సంతకాలు పోగెయ్యడం. బ్యాంకు ఖాతా ఫారం, పింఛను కాగితాలు, సొసైటీ అప్పు పత్రాలు, పాత చెక్కులు ఇలాంటివి పది పదిహేనుండాలి. అనుమానం ఉన్న కాగితం తేదీకి అటూ ఇటూ ఒకటి రెండేళ్ళవైతే మేలు. ముప్ఫై ఏళ్ళ కిందటి సంతకంతో పక్షవాతం వచ్చాక పెట్టిన సంతకాన్ని పోల్చి లాభం లేదు. జిరాక్సులో గీత గుణం కనబడదు కాబట్టి అసలు కాగితమే కావాలి. దాన్ని మళ్ళీ మడవకండి, పిన్ను గుచ్చకండి, లామినేషన్ చేయించకండి, పైన పెట్టి ఇంకేమీ రాయకండి. రిజిస్టరైన దస్తావేజైతే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో వేలిముద్ర ఉందేమో ముందు అడగండి. వేలిముద్ర దొరికితే సంతకం గొడవే అక్కర్లేకపోవచ్చు.

పిల్లల రాత, పెద్దవాళ్ళ రాత

ఎనిమిదేళ్ళు దాటినా అక్షరాల ఎడం కుదరక, ఒత్తులు పడిపోతూ, నోటితో బాగా చెప్పగలిగింది కాగితం మీద పెట్టలేకపోతే అది బద్ధకం కాకపోవచ్చు. డిస్‌గ్రాఫియా అనే ఇబ్బంది 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన ప్రత్యేక అభ్యసన లోపాల్లోకి వస్తుంది. గ్రాఫాలజీ రిపోర్టుకి పెట్టే డబ్బు క్లినికల్ సైకాలజిస్టు పరీక్షకి పెట్టండి. ధ్రువపత్రం వస్తే పబ్లిక్ పరీక్షల్లో రాసిపెట్టే మనిషినీ అదనపు సమయాన్నీ అడిగే వీలుంటుంది. ఆ ఇబ్బంది లేకుండా ఉత్త గజిబిజి రాతే అయితే పెన్సిల్ మూడు వేళ్ళతో పట్టించడం, పాదాలు నేలకి ఆనేలా కూర్చోబెట్టడం, రోజుకి పావుగంట రెండు గీతల కాపీ చాలు. రాత మారితే గుణం మారుతుందనే గ్రాఫోథెరపీ మాటలకి అదనంగా రుసుం కట్టక్కర్లేదు.

పెద్దవాళ్ళ విషయంలో మాత్రం రాత నిజంగానే ఒక సంగతి చెబుతుంది. వరస మొదట్లో మామూలుగా ఉండి చివరికొచ్చేసరికి అక్షరాలు చిన్నవై ముడుచుకుపోతుంటే అది పార్కిన్‌సన్స్ తొలి గుర్తుల్లో ఒకటి కావొచ్చు. ఇంట్లో చూడాలంటే గీతల్లేని కాగితం మీద ఒకే వాక్యం అయిదుసార్లు రాయించి, పక్కన ఒక పెద్ద సుడి గీత (స్పైరల్) గీయించండి. రెండు మూడేళ్ళ కిందటి పద్దుపుస్తకం పేజీ ఒకటి దానితో కలిపి న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళండి, విశాఖ కేజీహెచ్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. పెద్దగా, వంకరటింకరగా వణికే రాత వేరే రకం వణుకుది కావొచ్చు. తేల్చాల్సింది డాక్టరే.

సంతకం మార్చే ముందు

సంతకం కింద గీత పెడితే పదోన్నతి, చివర చుక్క తీసేస్తే అప్పులు తీరడం అన్నవి ఏ గ్రాఫాలజీ పద్ధతిలోనూ పరీక్షకి నిలిచినవి కావు. నష్టం మాత్రం ఖాయం. బ్యాంకులో పాత నమూనా ఉండగా కొత్త సంతకంతో చెక్కు ఇస్తే తిరిగొస్తుంది. సంతకం కలవక తిరిగొచ్చిన చెక్కు మీదా, చెక్కు చెల్లనప్పుడు పెట్టే 138వ సెక్షను కేసు నడవొచ్చని సుప్రీంకోర్టు 2012లో చెప్పింది. ఇష్టపడి మార్చుకుంటే ముందు బ్యాంకుకి వెళ్ళి కొత్త నమూనా ఎక్కించండి, పాన్ కార్డులో మార్పించండి, రాబోయే తేదీలు వేసి ఇచ్చిపెట్టిన చెక్కులుంటే వెనక్కి తీసుకుని కొత్తవి రాసివ్వండి. ఆ తర్వాతే కొత్త సంతకం వాడకంలోకి తేవాలి.